కిటికీ కూడా తలుపేనండి

నేను బి.ఏ. పాసయ్యాను.

ఈ మాట రాస్తుంటే చేతికి ఇంకా కొత్తగానే ఉంది. మా ఇంట్లో సంతకం పెట్టడం నేర్చుకున్న మొదటి మనిషిని నేను. పేరు పక్కన డిగ్రీ రాసుకునే మొదటి మనిషిని కూడా ఇప్పుడు నేనే. థర్డ్ క్లాసే. అయినా పాసే. పేపర్లో నా నంబరు చూసి, నమ్మకం కుదరక పేపరు మడిచి జేబులో పెట్టుకుని, పది అడుగులు నడిచి, మళ్ళీ తీసి చూశాను. అక్కడే ఉంది.

ఇంట్లో చెప్పి సైకిలెక్కాను. కోకాపేట నుంచి మదీనాగూడ దాకా దారిలో ఎదురైన ప్రతి మనిషికీ చెప్పాను. బర్రెలు తోలుకొస్తున్న ముసలాయన ఒకడు ఆగి, "బి.ఏ. అంటే నౌకరా బిడ్డా?" అనడిగాడు.

"నౌకరి కాదు తాతా, సదువు."

"మరి అయిపోయిందా?"

"అయిపోయింది."

"మంచిగయింది. ఇగ ఫికర్ లేదు, ఇంటికి వోయి పండుకో," అన్నాడు.

లింగంపల్లిలో ఆగి జిలేబీ పొట్లం కట్టించుకున్నాను. ఆ పొట్లం ఎవరికో నాకు తెలుసు. నేను పద్నాలుగు నెలలుగా మాట్లాడని మనిషికి. మాట్లాడడం ఎలా మొదలుపెట్టాలా అని ఈ పద్నాలుగు నెలలూ చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు దారి దొరికింది. తలుపు దగ్గర నిలబడి "పాసయ్యానండి" అంటే చాలు. ఆ మాటతో పాత సంగతంతా ఒక పక్కకు జరిగిపోతుందనుకున్నాను.

మదీనాగూడలో బొంబాయి రోడ్డు పక్కన బాలయ్య చాయ్ బండి ఉంది. అతనికి కుడిచెయ్యి మణికట్టు దగ్గర్నుంచి లేదు. ఎడమ చేత్తోనే కెటిల్ ఎత్తి పోస్తాడు. నా చేతిలో పొట్లం చూసి, "ఏడికి సెక్రెట్రి సాబ్?" అన్నాడు.

"పంతులమ్మ ఇంటికి. బి.ఏ. పాసైన."

అతను కెటిల్ కింద పెట్టాడు. గుడ్డతో చెయ్యి తుడుచుకున్నాడు. "ఎర్కలేదా నీకు? పంతులమ్మ కాలం జేసి ఆర్రోజులాయె. తెల్లారి లేవలేదు. తమ్ముడంట, కాకినాడ నుంచి రైల్ల వచ్చెటాల్లకు అంత అయిపోయింది. మేమే నలుగురం పట్టుకపోయినం. నీకు కబురు జేద్దమంటే బండి ఇడిసి రాలేకపోయిన."

నేను అక్కడున్న బల్ల మీద కూర్చున్నాను. అతను చాయ్ ఇచ్చాడు. తాగాను. ఇంకో చాయ్ పొయ్యమన్నాను, ఎందుకో తెలియదు. జిలేబీ పొట్లం విప్పి అతనికి పెట్టాను, నేనూ తిన్నాను. తియ్యగానే ఉంది.

*

ఆమె పంతులమ్మ కాదు. ఏ బడిలోనూ ఆమె పాఠం చెప్పలేదు. పట్నంలో సంఘాలను రిజిస్టరు చేసే ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైంది. సంఘాలు ఎలా పుడతాయో ఎలా చస్తాయో ముప్పై ఏళ్ళు ఫైళ్ళలో చూసిన మనిషి. మా ఊళ్ళ పక్క పేదవాళ్ళకు కోర్టుల్లో, కచేరీల్లో ఉచితంగా వకీలు సాయం దొరకాలని పట్నం వకీలు ఒకాయన న్యాయ సహాయ సంఘం పెట్టించాడు. ఆయన నెలకోసారి వచ్చి ఒక్క కొత్త కేసు తీసుకునేవాడు. ఆ ఒక్క కేసు ఎవరిదో తేల్చాల్సింది మేము, తొమ్మిదిమంది కార్యవర్గం. అందులో నేను సెక్రటరీని. "సంఘం నడపడం మీకెవరికీ రాదు, నేర్పడానికి ఒక మనిషిని పంపుతాను," అన్నాడు వకీలు. అలా వచ్చిందామె. ఆమె పెళ్ళి సంగతి, పిల్లల సంగతి నాకు తెలియదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

తెల్లాపూర్‌లో వాడకం తప్పిన పాత బడి గది మా సభాస్థలం. రెండు వారాలకోసారి ఆదివారం ఆమె మదీనాగూడలో బస్సెక్కి, లింగంపల్లిలో దిగి, నల్లగొడుగు వేసుకుని తెల్లాపూర్ దాకా నడిచొచ్చేది. బస్సులో ఆమెకు నిద్ర పట్టేది. రెండుసార్లు పటాన్‌చెరు దాకా వెళ్ళిపోయి, తిరుగు బస్సులో వచ్చి, "ఆలస్యమైందండి, తప్పు నాదేనండి, అది మీ సభ పుస్తకంలో రాయండి," అంది. రాశాను.

ఆమెకు అందరూ అండీనే. మా అధ్యక్షుడు పటేల్ సాబ్‌కు తెల్లాపూర్‌లో ముప్పై ఎకరాల తరి పొలం ఉంది, ఆయనను అండీ అంటే ఎవరికీ వింత కాదు. కానీ ఊళ్ళో కాన్పులు చేసే ఎల్లమ్మనూ అండీ అనేది. మొదటి రోజు "ఎల్లమ్మగారూ, మీరేమంటారండి?" అంటే ఎల్లమ్మ వెనక్కి తిరిగి చూసింది, వెనక ఇంకెవరైనా పెద్దింటామె కూర్చుందేమోనని. తర్వాత నన్ను మోచేత్తో పొడిచి, "నన్నేనా?" అంది. ఇరవై ఏళ్ళవాణ్ణి నన్ను, "సెక్రటరీగారండి" అనేది. మా నాయన ఆ పిలుపు విని మూడు రోజులు నవ్వాడు.

పటేల్ సాబ్‌కు మొదట ఆమె నచ్చలేదు. ఆమె వినేటట్టే అన్నాడు, "ఆంధ్ర నుంచొచ్చి మనకు నేర్పుడేందిర బయ్!" అని.

"నేర్పనండి," అందామె. "అడుగుతూ ఉంటాను. మీరు చెబుతూ ఉండండి."

అలాగే చేసింది. మా ముందు ఎప్పుడూ కూర్చోలేదు. వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. ఏదైనా తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు మేము తొమ్మిదిమందీ మెడలు తిప్పి వెనక్కి ఆమె వైపు చూసేవాళ్ళం. ఆమె వెంటనే పైకప్పు వైపు చూసేది. దూలం, దాని మీద ఒక బల్లి. మేము ముందుకు తిరిగేదాకా ఆమె తల దించేది కాదు. ఒకసారి చాలాసేపు అలాగే ఉండిపోతే ఎల్లమ్మకు విసుగొచ్చింది.

"పంతులమ్మ చెప్పది. ఇగ ఆ బల్లినన్న అడుగుదమా?"

"అది సభ్యురాలు కాదండి," అందామె పైకి చూస్తూనే.

పటేల్ సాబ్ ఇంటి నుంచి చెంబు నిండా మజ్జిగ, మా మాటలో సల్ల, వచ్చేది. మేమంతా తాగేవాళ్ళం. ఆమె ఎండలో నడిచొచ్చి పెదాలు ఎండిపోయి ఉన్నా, "సభ అయ్యాక తాగుతానండి," అనేది. పటేల్ సాబ్‌కు కోపం. "ఇషమా అండ్ల కలిపిన?" అన్నాడొకసారి. "కాదండి, చాలా బాగుంటుంది. తాగితే మీకు కాదని చెప్పడం కష్టం," అంది. సభ అయ్యాక మాత్రం రెండు చెంబులు తాగేది. మూతి తుడుచుకుంటూ, "ఉప్పు తక్కువైందండి," అని వంక కూడా పెట్టేది.

ఆమె మాకు నేర్పినవాటిలో అన్నిటికంటే కష్టమైంది లేచి బయటికి పోవడం. ఎవరి సంగతి సభలో వస్తుందో వాళ్ళు లేచి, చెప్పులు వేసుకుని, బయటికెళ్ళి కూర్చోవాలి. లోపల తేలేదాకా రాకూడదు. ఇందులో కష్టమేముందని అనిపిస్తుంది. మాకు మూడు సభలు పట్టింది.

మొదటిసారి ఉత్తుత్తి అర్జీ ఒకటి పెట్టింది. "మల్లయ్య అనే ఆయన అర్జీ పెట్టారనుకుందాం. ఆయనకు బంధువులైనవాళ్ళు బయటికి వెళ్ళండి."

మల్లయ్య లేని ఊరు మా పక్క ఉండదు. తెల్లాపూర్‌లోనూ ఉన్నాడు. పటేల్ సాబ్ ఆలోచించి, "నాకు అల్లుడు వరుసయితడు," అని లేచాడు. దర్జీ ఖాజా మియా, "నేను మామా అంటనాయె," అని లేచాడు. "ఆనికి పురుడు వోసింది నేనే," అంటూ ఎల్లమ్మ లేచింది. నాకు బావ. ఒకరి వెనక ఒకరం తొమ్మిదిమందిమీ చెప్పులు వేసుకుని బయటికొచ్చి నిలబడ్డాం. కాసేపటికి ఆమె గుమ్మంలోకి వచ్చింది.

"లోపల ఎవరూ లేరండి. అర్జీ నేనూ బల్లీ కలిసి ఒప్పేసుకోమంటారా?"

ఖాజా మియా నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. ఆమె నవ్వలేదు. "ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఈ సంగతి ఏ ఫైల్లోనూ కనబడలేదండి. నాకు రెండు వారాలు గడువివ్వండి," అంది. రెండు వారాల తర్వాత ఒక ప్రశ్న తెచ్చుకుంది. "మల్లయ్యగారి చేలో గింజలు పండితే అవి ఎవరి కుండలో పడతాయండి? ఆ కుండలో అన్నం తినేవాళ్ళు మాత్రమే బయటికి. వరుసలు పెట్టి పిలుచుకునేవాళ్ళు కూర్చోండి." అందరికీ అర్థమైంది. పటేల్ సాబ్ మొదటిసారి ఆమె వైపు చూసి తలూపాడు.

తర్వాత నిజంగానే ఖాజా మియా తమ్ముడి అర్జీ వచ్చింది. ఇద్దరిదీ ఒకే పొయ్యి. మియా లేచి, చెప్పులు వేసుకుని, గంభీరంగా బయటికి నడిచాడు. వెనకే ఎల్లమ్మ కూడా లేచింది. "మీదేం లేదు కదండి?" అందామె. "పెద్దమనిషి ఒక్కడే ఎండల నిలబడతడా? తోడుంట," అంటూ వెళ్ళిపోయింది. మేము మాట్లాడడం మొదలుపెట్టామో లేదో, కిటికీలో మియా తల.

"నేను లోపటికి వస్తలేను. బయటనే ఉన్న. గాని ఒక్క మాట జర ఇనుండ్రి. మా తమ్ముడు చానా గరీబు."

ఆమె వెనక నుంచి లేచి, నెమ్మదిగా కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"మియాగారూ, కిటికీ కూడా తలుపేనండి," అని రెక్క మూసింది.

ఆ మాట మా ఊళ్ళల్లో తిరిగింది. ఎవరైనా మాటల మధ్య దూరితే, "కిటికీ గుడ తలుపేనండీ" అని ఆమె గొంతు పెట్టి వెక్కిరించేవాళ్ళు. ఖాజా మియా కొట్లో కూర్చుని అందరికంటే బాగా అనేవాడు.

*

బి.ఏ.కి నేను ప్రైవేటుగా కట్టాను. ఇంగ్లీషులో ఒకసారి తప్పాను. ఆమె తనంతట తానే, "శనివారం మధ్యాహ్నాలు మా గదికి రండి, మీ ఇంగ్లీషు చూద్దాం," అంది. మదీనాగూడలో ఆమె కిరాయికుండే గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, గోడకు వేలాడే గొడుగు. కుర్చీ నాకిచ్చి తను మంచం మీద కూర్చునేది. బాగుందని ఒక్కసారీ అనలేదు. తప్పుంటే ఎర్ర గీత, లేకపోతే ఏమీ లేదు. అప్పుడప్పుడూ కొంగుముడి విప్పి వేయించిన పల్లీలు ఒక్కొక్కటే తినేది. నాకు పెట్టేది కాదు. పిసినారి అనుకునేవాణ్ణి. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

పోయిన ఏడాది ఎండాకాలంలో మా నాయనకు నోటీసొచ్చింది. కోకాపేట పక్కన రెండెకరాల చెలక మా తాతప్పట్నుంచి మేమే కౌలుకు దున్నుతున్నాం. పట్నంలో ఉండే భూమి ఆసామి కొడుకు, మేము కౌలుదార్లమే కాదు, కూలికి చేస్తున్నవాళ్ళమని తాసిల్దారు కచేరీలో దరఖాస్తు పెట్టాడు. మా దగ్గర కాగితమేమీ లేదు. వాయిదా మూడు వారాల్లో ఉంది. వకీలు లేకపోతే చెలక పోతుంది, ఉంటే నిలబడవచ్చు. అందుకని మా నాయన సంఘానికి అర్జీ పెట్టాడు. అర్జీ రాసింది నేనే. అంత బాగా నేనెప్పుడూ రాయలేదు.

ఆ నెలలోనే ఇంకో అర్జీ వచ్చింది. అప్పట్లో రాళ్ళు కొట్టే బాలయ్యది. గచ్చిబౌలి వైపు గుట్టల్లో బండ దొర్లి అతని చెయ్యి నలిగిపోయింది. దవాఖానలో తీసేశారు. పని చేయించుకున్న కంట్రాక్టరు, ఈ మనిషి ఎవరో నాకు తెలియదు అన్నాడు. పరిహారం అడగడానికి అతని గడువు కూడా దగ్గర్లోనే ఉంది. వకీలు సాబ్ తీసుకునేది ఒక్కటే.

ఆ ఆదివారం పటేల్ సాబ్ మా నాయన పేరు చదివాడు. నేను లేవలేదు. పుస్తకం ముందు పెట్టుకుని కలం పట్టుకుని కూర్చున్నాను.

"సెక్రటరీగారండి," అంది వెనక నుంచి.

"నేను పోతే సభ సంగతులు ఎవరు రాస్తరు?" అన్నాను. ముందే తయారు చేసుకున్న మాట అది. పుస్తకంలో చక్కగా రాయగలిగింది నేనొక్కణ్ణే. ఆమె మా పుస్తకంలో అక్షరం రాయదు, అది మీ చేతి పుస్తకమండి, నా చెయ్యి అందులో పడకూడదు అనేది. కాబట్టి నేను ఉండక తప్పదు. ఉంటే మాట్లాడను. ఉంటే చాలు. నా మొహం చూస్తూ ఎవరూ కాదనలేరు. అదీ నా లెక్క.

అప్పుడు ఎల్లమ్మ చెయ్యి చాపింది. "ఇటు తే. నాకు అచ్చరాలు వస్తయి. జర పెద్దగ రాస్త, గంతే."

ఎల్లమ్మకు అక్షరాలు ఎప్పుడొచ్చాయో మాకెవరికీ తెలియదు. సభ అయ్యాక సల్ల తాగుతూ పంతులమ్మ పలక మీద ఏవో గీస్తుంటే ఎల్లమ్మ పక్కన కూర్చునేది. కబుర్లు చెప్పుకుంటున్నారనుకున్నాం.

నేను పుస్తకం ఇచ్చేసి, చెప్పులు వేసుకుని బయటికొచ్చాను. బడి ముందు ఏనుగు పడుకున్నట్టు ఒక రాతి గుండు ఉంది. దాని అంచున కూర్చున్నాను. వెనకే చెప్పుల చప్పుడైంది. ఎవరో కాదు, పంతులమ్మ. గొడుగు వేసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"మీరెందుకొచ్చిండ్రు?" అన్నాను.

"మీకు చదువు చెబుతున్నాను కదండి. మీ కుండలో నాకూ కాస్త ఉన్నట్టే."

గొడుగు నా వైపు జరిపింది. సగం నీడ నా మీద పడింది. నేను ఎండలోకి జరిగాను. ఆమె ఇంకాస్త జరిపింది. నేను ఇంకాస్త జరిగాను. అప్పుడామె గొడుగు మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరం ఎండలో కూర్చున్నాం. రాయి కాలుతోంది. ఆమె చెవుల పక్కన చెమట కారుతోంది, తుడుచుకోలేదు.

లోపల మాటలు వినబడుతున్నాయి, ఏమిటో అర్థం కావడం లేదు. పటేల్ సాబ్ గొంతు ఒకసారి లేచింది. ఆమె లేకపోతే లోపలున్నవాళ్ళు వెనక్కి తిరిగి ఎవరి వైపు చూస్తారు? మా సంఘం తనంతట తాను ఏదీ తేల్చుకున్నది లేదు.

"మీరు లోపలుంటే వకీలు మాకే దొరుకుతుండె," అన్నాను. అరిచినట్టే అన్నాను.

"అందుకేనండి, బయటున్నాను," అంది.



పిలిచాక లోపలికి వెళ్ళాను. పుస్తకంలో రెండు పేజీల నిండా పెద్ద పెద్ద అక్షరాలు. 'బాలయ్య చెయ్యి. వకీలు సాబు ఈ నెల. అందరం ఒప్పుకున్నం.' కింద సెక్రటరీ సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది. పెట్టాను. పటేల్ సాబ్ నా మొహం చూడలేక సల్ల చెంబు జరిపాడు.

"భూమైతే కచేరిల అడిగేటందుకు మీ నాయనకు నోరన్న ఉన్నది బిడ్డా," అంది ఎల్లమ్మ. "ఆనికి చెయ్యే పాయె."

ఇంటికెళ్ళి చెబితే మా నాయన చుట్ట ఆర్పి, "గంతే గద మరి. ఆంది చెయ్యి. మనది భూమే గద," అన్నాడు. వాయిదా రోజు ఉతికిన పంచె కట్టుకుని కచేరీకి వెళ్ళాడు. తాసిల్దారు కాగితమేదన్నాడు. మేమే దున్నుతున్నం సారూ, ఊరందర్ని అడగండ్రి అన్నాడు మా నాయన. కాగితమేదని మళ్ళీ అడిగాడాయన. చెలక పోయింది. దాని చుట్టూ ఇప్పుడు రాతి కడీలు పాతి తీగ కట్టారు. పెసరకాయ కోసుకునేందుకు మా నాయన అలవాటుగా అటు వెళ్ళి, కడీల దగ్గర ఆగి, తిరిగొచ్చాడు. ఆ సంగతి మాకు చెప్పలేదు, నేనే చూశాను.

పంతులమ్మతో మాట్లాడడం మానేశాను. సభలకు వెళ్ళేవాణ్ణి, పుస్తకం రాసేవాణ్ణి. "నమస్కారమండి సెక్రటరీగారు," అని ఆమె ఎప్పటిలాగే అనేది. నేను కలం మూత తీసేవాణ్ణి. శనివారాలు మదీనాగూడ వెళ్ళడం మానేశాను. నెల గడిచాక ఎల్లమ్మ నా చేతిలో ఒక కాగితం పెట్టింది. ఇంగ్లీషు ప్రశ్నలు. కింద, రాసి పంపండి అని ఒక్క ముక్క.

"ఏంది మీ ఇద్దరి లొల్లి?" అంది ఎల్లమ్మ. "ఆమె నోరిప్పది, నువ్వు నోరిప్పవు. నడుమ నేను టపా మోసుడు."

చింపేద్దామనుకున్నాను. రాసి పంపాను. ఎర్ర గీతలతో తిరిగొచ్చింది, ఇంకో ప్రశ్నల కాగితంతో కలిసి. పరీక్షల దాకా అలాగే నడిచింది. మధ్యలో ఒక కాగితం మీద ఒక్క ఎర్ర గీత కూడా లేదు. చూడడం మరిచిపోయిందేమోనని వెనక్కి తిప్పి చూశాను. చివర చిన్న చుక్క పెట్టి ఉంది, ఎర్రగా. చూసినట్టు గుర్తు. అంతే.

*

బాలయ్య బండి దగ్గర్నుంచి ఆమె గదికి వెళ్ళాను. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఇంటివాళ్ళు సున్నం వేయిస్తున్నారు. మంచం లేదు, కుర్చీ లేదు. గొడుగు మేకు మాత్రం గోడకు ఉంది, దాని మీద కూడా సున్నం పడింది. ఇంటామె, "కిరాయికా?" అనడిగింది. కాదన్నాను. సైకిలెక్కి ఇంటికొచ్చాను. దారిలో ఇంకో ఇద్దరికి బి.ఏ. పాసైన సంగతి చెప్పాను. వాళ్ళు అడగలేదు, నేనే చెప్పాను. సంతోషంగానే చెప్పాననుకుంటాను.

మొన్న ఆదివారం సభ జరిగింది. ఆమె కోసం అందరం లేచి నిలబడ్డాం. ఎల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఖాజా మియా టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. నాకు ఏమీ అనిపించలేదు. అర్జీలు ఏ వరుసలో ఉన్నాయో సర్దుకుంటూ ఉన్నాను.

తర్వాత పటేల్ సాబ్ గొంతు సవరించుకున్నాడు. "ఇంకో సంగతి. కచేరీలల్ల అర్జీలు రాసెటందుకు సంఘానికి గుమాస్తా గావాలని వకీలు సాబ్ శాన దినాల సంది చెప్తుండు. మన పోరడు బి.ఏ. అయిండు. ఇంక ఎవల్ని ఎతుకుతం? ఇయ్యాల్నే రాసేద్దం."

అందరూ ఒక్కసారిగా మెడలు తిప్పి వెనక్కి చూశారు. వెనక గోడ. ఎవరూ లేరు. ఎల్లమ్మ పైకి చూసింది. బల్లి ఉంది.

నాకు ఆ పని కావాలి. చెలక పోయినప్పట్నుంచి మా నాయన కూలికి పోతున్నాడు. బి.ఏ. పాసైతే ఏమొస్తుందని అడిగినవాళ్ళకు చూపించడానికి నాకు ఒక పని కావాలి. పుస్తకం నా ముందే ఉంది, కలం నా చేతిలోనే ఉంది. ఒక్క ముక్క రాస్తే అయిపోతుంది. అందరూ నవ్వుమొహాలతో నా వైపే చూస్తున్నారు.

లేచాను.

"ఏడికి వోతవ్ బయ్? రాసేటోనివి నువ్వే గద!" అన్నాడు పటేల్ సాబ్.

"ఇది నా సంగతి పటేల్ సాబ్."

"అరె, ఎవలు కాదంటరు? అందరం ఒప్పుకునే ఉన్నం!"

"నేను బయటికి పోయినంక ఒప్పుకోండ్రి."

పుస్తకం ఎల్లమ్మ ముందు పెట్టాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని కలం అందుకుంది. నేను చెప్పులు వేసుకుని బయటికి నడిచి గుండు మీద కూర్చున్నాను. అంచున, ఆ రోజు కూర్చున్న చోటే. పక్కన పంతులమ్మ కూర్చున్న చోటు వదిలాను. ఎండ అప్పటిలాగే ఉంది. లోపల మాటలు మొదలయ్యాయి. ఎవరో గట్టిగా ఏదో అన్నారు, ఇంకెవరో కాదన్నారు. నేననుకున్నంత తొందరగా తేలడం లేదు.

కిటికీ రెక్క తెరుచుకుంది. ఖాజా మియా తల బయటికొచ్చింది.

"ఏమయ్య బి.ఏ., జర ఒక్క మాట చెప్పు. తెల్లాపూర్ పోరగాడు ఇంకొకడు గుడ బి.ఏ. సదువుతుండంట. ఆనికోసం ఆగుదమంటుండ్రు కొందరు. నువ్వేమంటవ్?"

నేను అతని వైపు తిరగలేదు.

"కిటికీ కూడా తలుపేనండి మియాగారూ," అన్నాను.

వెక్కిరింపుకు అనలేదు. అతనికీ తెలిసింది. చప్పుడు కాకుండా రెక్క మూశాడు.

జేబులో మడిచిన పేపరు ఉంది. తీశాను. విప్పలేదు. నంబరు నాకు నోటికొచ్చు. పక్కనున్న రాయి మీద చెయ్యి పెట్టాను. కాలింది. తీయలేదు.

"పాసయ్యానండి," అన్నాను. "ఇంగ్లీషులో కూడా."